ఆడి గాలిలో డ్రోన్

ఇది తెలుగులో రాయడానికి ఒక కారణం ఉంది. ఇందులో వచ్చే ఇద్దరు, భార్యాభర్తలు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ తెలుగు అక్షరం చదవలేరు. తమిళ ఊరి మధ్య ఉన్న మా నెల్లితోపు పేటలో చాలా ఇళ్ళ సంగతి అదే. నేను కూడా నలభై దాటాక, ఆఫీసుకు వెళ్ళే టౌన్ బస్సులో, ఒకటో తరగతి వాచకం ఒళ్ళో పెట్టుకుని నేర్చుకున్నాను. పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వనీ అనుకున్నాను. తమిళంలో రాస్తే ఆమె చదివేస్తుంది. ఆమె ఇది చదవకూడదు.

నేను పనిచేసేది ఒక ప్రభుత్వ ఆఫీసులో, తాగునీటి విభాగంలో. మా కింద ఎనిమిది ఓవర్‌హెడ్ ట్యాంకులు. ఒక్కొక్కటి ఎనభై తొంభై అడుగుల ఎత్తు. వాటిని చూసుకోవడం అంటే నా మటుకు కాగితాలు చూసుకోవడం. పైకి ఎక్కి చూసేవాడు వేరే ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆయనొక్కడే. మా వీధిలోనే, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల కాపురం. ఆఫీసులో నన్ను సార్ అంటాడు, వీధి మలుపు తిరగగానే తమ్ముడూ అంటాడు. ఈ రెండింటి మధ్య ఎప్పుడూ తడబడగా చూడలేదు. నేను మాత్రం రెండుచోట్లా అన్నా అనే పిలుస్తాను, ఆయన భార్యను వదినా అని.

ఆయన ఎక్కే తీరు ఒకటుంది. భుజం మీది తుండుగుడ్డను నిచ్చెన మూడో మెట్టుకు కట్టి, కాసేపు దాన్నే చూస్తూ కూర్చుంటాడు. గుడ్డ కొస ఎగిరి పడుతూ ఉంటే ఎక్కుతాడు. పడకుండా అడ్డంగా బిగిసి నిలిచిపోతే ఆ రోజు ఎక్కడు. ఏ ఆఫీసరు వచ్చి అరిచినా ఎక్కడు. గుడ్డ ఒప్పుకోలేదు సార్ అంటాడు, అంతే. ఎక్కే రోజు వదిన పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టదు. ఆయన ఫోన్ చేసి "దిగినా" అన్నాకే పొయ్యి వెలిగిస్తుంది. మా ఇంట్లో ఇడ్లీలు పెట్టినా అక్కర్లేదనేది. మొదట్లో నాకు అది చాదస్తంగా కనిపించింది. నిచ్చెన కింద నిలబడి ఆయన ఎక్కుతుండగా ఒకసారి చూశాక మళ్ళీ ఆ మాట అనలేదు.

రిటైర్మెంటుకు మూడేళ్ళుందనగా ఆయనకు తల తిరగడం మొదలైంది. మెడ ఎత్తి చూస్తే చాలు, నేల పక్కకు జారుతున్నట్టు ఉంటుందట. చెవి లోపల ఏదో తేడా అన్నాడు డాక్టరు. ఎత్తులు ఎక్కొద్దని చీటీ రాసిచ్చాడు. ఆ చీటీని మడిచి బీరువాలో పెట్టి, ఎప్పటిలాగే ఎక్కుతూ వచ్చాడు. ఎక్కలేనివాడికి ఇక్కడేం పని అని అడుగుతారని ఆయన భయం. పనికిరాడని కాగితం మీద రాయించుకుని ఇంటికి రావడం ఆయనకు చచ్చేంత నామోషీ. ఈ సంగతి వదినకు తెలుసు. వదిన చెబితే నాకు తెలిసింది. ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది. ఏడాది పాటు తెలిసి కూడా నేను చేసిందేమీ లేదు. ఆయన పేరు మీద నిచ్చెన డ్యూటీ కాగితాలు యథాప్రకారం టైపు చేసి సంతకానికి పంపాను.

అటువంటప్పుడు ఆఫీసుకు డ్రోన్ వచ్చింది. శిక్షణకు ఎవరు వెళతారంటే ఒక్కొక్కరూ ఒక్కో సాకు చెప్పి తప్పుకున్నారు. నేను చెయ్యెత్తాను. ఎందుకెత్తానో అక్కడ ఎవరికీ తెలియదు.

డ్రోన్ ఎగరేయడం గొప్ప విద్య అని బయటివాళ్ళు అనుకుంటారు. కష్టమంతా అది పడుతుంది, మనం కాదు. మామూలు మోడ్‌లో పెడితే ఉపగ్రహాల లెక్కన తన చోటు తెలుసుకుని ఆ చోటును పట్టుకుని ఉంటుంది. గాలి తోస్తే గాలి వైపు ఒళ్ళు వంచి, తోసినంతా తిరిగి తోసి, ఉన్నచోటే నిలబడుతుంది. గోడల పక్కన, కప్పుల కింద ఉపగ్రహాలు అందవు. అక్కడ పనికి రావడానికి దాని ఒంటి మీద చిన్న చిన్న కళ్ళున్నాయి. ముందు రెండు, వెనక రెండు, పొట్ట కింద రెండు. ఆ కళ్ళతో గోడను చూసుకుంటూ చోటు తప్పకుండా ఉంటుంది. ఉపగ్రహాలూ అందక, కళ్ళూ కనబడకపోతే మాత్రం ఎత్తు ఒక్కటే పట్టుకోగలదు. చోటు పట్టుకోలేదు. గాలి ఎటు తోస్తే అటు పోతుంది. ఈ ఆఖరి ముక్క శిక్షణలో రెండో రోజు భోజనాలయ్యాక చెప్పారు. మొదటి రోజు పొద్దున చెప్పింది మాత్రం నా ఒంటికి బాగా పట్టింది. ఏదైనా తేడా వస్తే కంగారుపడి స్టిక్కులు తిప్పకు, చేతులు వదిలెయ్, అదే నిలబడుతుంది అని.

సాధన చేసుకోవడానికి ఒక ఆదివారం ఇంటికి తెచ్చాను. మా మేడ మీద ఎగరేస్తుంటే వాళ్ళిద్దరూ వచ్చారు. అన్న దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఈ నల్లటి గుండ్లు ఏంది అని అడిగితే అవే దాని కళ్ళు అని చెప్పాను. వదిన కాస్త దూరంగా నీళ్ళ తొట్టి పక్కన నిలబడింది. గాలి బాగానే ఉంది. తీగ మీద చీరలు కొట్టుకుంటున్నాయి. డ్రోన్‌ను మేడకు రెండు నిలువుల పైన ఆపి, రిమోట్‌ను గోడ మీద పెట్టేసి, రెండు చేతులూ పైకెత్తి చూపించాను. కొంచెం గొప్ప కోసమే చేశాననుకోండి. డ్రోన్ గాలికి ఒళ్ళు వంచి అక్కడే నిలబడింది. వదిన దాన్ని చాలాసేపు చూసింది.

"చేతులు ఎత్తేసినావే, గాలికి పోదా?" అని అడిగింది.

"దానికి గాలి లెక్కలేదు వదినా."

"అయితే ఇది పైకి పోతే, ఆయన పోయే పన్లేదా?"

లేదన్నాను. ఇక అన్న నిచ్చెన ఎక్కడు, నాది పూచీ అన్నాను. నోటి దురద అంటారే, అది. కానీ ఆ మాట అన్నప్పుడు నాకు నిజంగానే సంతోషంగా ఉంది, ఏడాది నాటి బాకీ తీరినట్టు. వదిన తొట్టిలోంచి నీళ్ళు తీసుకుని ముఖం కడుక్కుంది. ఏడ్చిందని నాకు తెలియకూడదని.

మా ఆఫీసరు మంచివాడే. కాకపోతే ఏదైనా కళ్ళతో చూస్తే తప్ప నమ్మడు. ముందు ఒక్క ట్యాంకు చేసి చూపించు అన్నాడు. అది సరిగ్గా వస్తే మిగిలిన ఏడూ డ్రోన్‌తోనే, నిచ్చెన డ్యూటీ రద్దు, ఆయనను రిటైరయ్యేదాకా వాల్వు రూములో వేద్దాం అన్నాడు. ఊరికి ఉత్తరాన, ముత్తియాల్‌పేట దాటాక ఒక పాత ట్యాంకు ఉంది. పైన తొట్టి వెడల్పుగా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ తొట్టి అడుగున, స్తంభం కలిసే చోట బీట పడిందేమోనని అనుమానం. నిచ్చెన మీంచి మెడ తిప్పితే తప్ప అది కనబడదు. అన్నకు వచ్చిన జబ్బుకు సరిగ్గా అదే కూడదు. దాన్నే మొదటి ట్యాంకుగా నేనే ఎంచాను.

చిక్కల్లా నెలతో వచ్చింది. అది ఆడి మాసం, తమిళ లెక్కలో ఆషాఢం. ఆడిలో మా వాళ్ళు కొత్త పని ఏదీ మొదలుపెట్టరు. ఇల్లు మారరు, బండి కొనరు. పైగా ఆడి అంటే మాకు గాలి. పొద్దున తొమ్మిది దాటితే విల్లియనూరు వైపు పొలాల మీంచి పడమటి గాలి లేస్తుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి ఎదురొచ్చేదాకా ఊరినంతా దులిపి పెడుతుంది. ఆడి పోయాక చేయకూడదా అని వదిన అడిగింది. ఆఫీసరు తారీఖు వేశాడు, మార్చడు అన్నాను. అట్లయితే మొదలుపెట్టే ముందు పూజ చేయాల్సిందే, తానే వస్తానంది. అన్న ఎక్కిన ప్రతిసారీ నిచ్చెన కింద కర్పూరం వెలిగించి ఎక్కేవాడు. ఇప్పుడు ఆయన బదులు ఎక్కేది ఇది కాబట్టి దీనికీ అదే మర్యాద జరగాలని ఆమె లెక్క. నాకు అందులో తప్పేమీ కనబడలేదు. ఆయుధ పూజ రోజు ఆఫీసులో టైపు మిషన్లకు, జీపులకు, ఆఖరికి జిరాక్సు మిషన్‌కు కూడా చందనం పూసేవాళ్ళమే మేము.

ఆ రోజు తొమ్మిది గంటలకు ముగ్గురం ట్యాంకు దగ్గరకు చేరాం. ఆఫీసరు రాలేదు, వీడియో తెచ్చి చూపిస్తే చాలన్నాడు. వదిన తలస్నానం చేసి, జుట్టు విరబోసి కొస ముడేసుకుని, పళ్ళెంలో అన్నీ సర్దుకుని వచ్చింది. నిచ్చెన కింద నేల ఊడ్చి నీళ్ళు చల్లి, పీట వేసి, పీట మీద డ్రోన్‌ను పెట్టించింది. కొబ్బరికాయ అన్న కొట్టాడు. బొట్టు పెట్టబోతుంటే నేను ఒక్క జాగ్రత్త చెప్పాను. కెమెరా అద్దం మీద మాత్రం వద్దు వదినా, బొమ్మ పాడవుతుంది అన్నాను. ఆమె పాపం కొంగు మడిచి కెమెరా మీద కప్పి మరీ పెట్టింది. ముందు వైపు గుండ్రంగా, నల్లగా, జోడుగా రెండు చోట్లు. బొట్టు అక్కడ కాకపోతే ఇంకెక్కడ పెడతారు? చందనం అద్ది, దాని మీద కుంకుమ. వెనక కూడా అలాగే రెండు. పొట్ట కింద చెయ్యి పెట్టి అక్కడా రెండు.

నేను చూస్తూనే ఉన్నాను. ఈ మాట దాచను. ఎదురుగా నిలబడి చూస్తూ, బాగుంది అనుకున్నాను. అవే కళ్ళని మేడ మీద అన్నకు వివరించినవాణ్ని, ఆ క్షణంలో నాకు కళ్ళు తోచలేదు. కర్పూరం వెలుగుతోంది, వదిన పెదవులు కదులుతున్నాయి, అన్న నవ్వుతున్నాడు. నేనూ దండం పెట్టుకున్నాను.

డ్రోన్‌ను ట్యాంకు నీడలోంచి బయటికి తెచ్చి ఎగరేశాను. స్క్రీన్ మీద వరసగా హెచ్చరికలు వచ్చాయి. గాలి ఎక్కువగా ఉంది అని ఒకటి. మళ్ళీ గాలి అని ఇంకొకటి. ఆ తర్వాత కళ్ళు శుభ్రం చేయమని ఒకటి. గాలి సంగతి నాకు తెలుసులే అని మూడింటినీ ఒక్క వేలితో పక్కకు తోసేశాను. మూడోది చదివానా లేదా అంటే, చదివాననే అనుకుంటున్నాను. చదివినదంతా మనసులోకి పోవాలని లేదు.

బయట ఉన్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. ఉపగ్రహాలు పద్నాలుగు దాకా కనిపిస్తున్నాయి. అరవై అడుగుల దగ్గర ఆపితే గాలికి వంగి నిలబడింది. అన్న నా పక్కన నిలబడి స్క్రీన్‌లోకి చూస్తూ, తాను ముప్ఫై ఏళ్ళుగా చేత్తో పట్టుకున్న మెట్లను ఒక్కొక్కటే గుర్తుపట్టి చెబుతున్నాడు. ఇక్కడ తుప్పు, ఇక్కడ బోల్టు నేనే మార్చినా అని. తొట్టి అడుగుకు నెమ్మదిగా తీసుకెళ్ళాను. బీట ఉంది. జానెడు పొడవు, వెంట్రుక మందం. కెమెరాలో శుభ్రంగా కనబడింది. ఇంకొంచెం లోపలికి, పైన కప్పులా పరుచుకున్న తొట్టి కిందికి జరిపాను.

అక్కడ ఆకాశం మూసుకుపోయింది. ఉపగ్రహాలు నాలుగుకు పడ్డాయి. అప్పుడది కళ్ళతో గోడను చూసుకోవాలి. కళ్ళ మీద కుంకుమ ఉంది. స్క్రీన్ మీద మోడ్ పేరు మారింది. నేను ఆ అక్షరాలను శిక్షణలో తప్ప ఎప్పుడూ చూడలేదు. స్తంభం చుట్టూ తిరిగి వచ్చే గాలికి డ్రోన్ పక్కకు కొట్టుకుపోవడం మొదలుపెట్టింది. ఒంటికి పట్టిన పాఠం ఒకటుంది కదా, అదే చేశాను. చేతులు వదిలేశాను.

నిలబడలేదు. జారుతూనే పోయింది. నిలబడుతుంది, ఇంకో క్షణంలో నిలబడుతుంది అని చూస్తూ ఉండిపోయాను. అన్న నా మోచెయ్యి పట్టుకుని కుదిపాడు. అప్పుడు తెలివొచ్చి, కప్పు కింది నుంచి బయటికి లాగి పైకెత్తాను. తొట్టి అంచు దాటి పైకి వెళ్ళింది, కానీ అక్కడ గాలి ఇంకా బలం. ఉపగ్రహాలు మళ్ళీ అందేలోపు ట్యాంకు నెత్తి మీద రెయిలింగుకు తగులుకుని పడింది. రెక్కలు ఇనుముకు కొట్టుకున్న చప్పుడు కిందికి వినిపించింది. స్క్రీన్‌లో ఆకాశం ఒక్కటే కనిపిస్తోంది, అదీ వంకరగా. గాలి విసురు వచ్చినప్పుడల్లా ఆ ఆకాశం కొంచెం కదులుతోంది. అంటే అది అంచు వైపు జరుగుతోందన్నమాట.

ట్యాంకుకు తూర్పు పక్క సందు. సందులో ఇస్త్రీ బండి, వీధి కుళాయి, కుళాయి దగ్గర బిందెలతో ఆడవాళ్ళు. అన్న సందు వైపు చూశాడు, పైకి చూశాడు. పైకి చూసినప్పుడు ఒక చేత్తో నిచ్చెన పట్టుకోవడం నేను గమనించాను. దాని బరువెంత అని అడిగాడు. కిలో ఉంటుందన్నాను. అగ్నిమాపక దళానికి ఫోన్ చేద్దామన్నాను. వాళ్ళొచ్చేలోపు ఎవరి నెత్తిన పడుతుందో అన్నాడు. సందులోకి పరిగెత్తి అందర్నీ పక్కకు పొమ్మని అరిచాను. సగం మంది జరిగారు, సగం మంది ఎందుకని అడిగారు. నేను వెనక్కి వచ్చేసరికి ఆయన సంచీలోంచి బెల్టు తీసి నడుముకు కట్టుకుంటున్నాడు.

నేను ఆపాలి. ఆపలేదు. నేనెక్కుతానని నోటిదాకా వచ్చిన మాట కూడా నోటిలోనే ఉండిపోయింది. నాకు భయమేసింది, ఇంకేం లేదు. ఆయన తుండుగుడ్డను మూడో మెట్టుకు కట్టలేదు. మెడ చుట్టూ చుట్టుకుని ఎక్కాడు.

వదిన పైకి చూడలేదు. ట్యాంకుకు వీపు పెట్టి పూజ చేసిన పీట మీద కూర్చుంది. కాసేపయ్యాక అటు తిరిగే అడిగింది.

"యాడిదాకా పోయినాడు?"

"ఇరవై మెట్లు" అన్నాను.

మళ్ళీ అడిగింది, నలభై అన్నాను. సగానికి కొంచెం పైన ఆయన ఆగిపోయాడు. రెండు చేతులూ మెట్టు వెనక నుంచి పెనవేసి, నుదురు ఇనుముకు ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. చొక్కా వీపు మీద ఉబ్బి కొట్టుకుంటోంది. ఒక నిమిషం గడిచింది. రెండు గడిచాయి.

"ఎక్కతా ఉండాడా?"

"ఎక్కుతున్నాడు వదినా."

"ఎన్నో మెట్టు?"

ఒక అంకె చెప్పాను. కాసేపాగి ఇంకో అంకె చెప్పాను. ఆయన అక్కడే ఉన్నాడు. ఆయన పడిపోతే ఆమెకు ఏ మెట్టు దగ్గరని చెప్పాలి అన్న ఆలోచన కూడా వచ్చింది. అంత నీచంగా ఉంటుంది మనిషి బుర్ర. మూడు నిమిషాలకు ఆయన చెయ్యి ఒకటి కదిలింది. ఆ తర్వాత కాలు. ఆ తర్వాత నేను నిజం అంకెలే చెప్పాను.

దిగడానికి ఎక్కినదానికి రెట్టింపు సేపు పట్టింది. నేల తగలగానే రెండడుగులు వేసి, ట్యాంకు వెనక్కి వెళ్ళి కక్కుకున్నాడు. వదిన నీళ్ళ సీసా ఇచ్చి వీపు నిమిరింది. వీపు సంచీలోంచి డ్రోన్‌ను తీసి నాకిచ్చాడు. రెండు రెక్కలు విరిగాయి. తతిమ్మాదంతా బాగానే ఉంది. ఒంటి మీద ఎక్కడా బొట్టు లేదు. సందుల్లో ఎక్కడో చందనం గీత మిగిలింది తప్ప ఆరు కళ్ళూ తళతళలాడుతున్నాయి. ఆయన మెడ చుట్టూ ఉన్న తుండుగుడ్డ విప్పి, ఎర్రగా ఉన్న కొసను లోపలికి మడిచి భుజం మీద వేసుకున్నాడు.

అప్పుడు నాకు తెలిసింది. ఆయనకు పైనే తెలిసింది. కళ్ళు ఏందని మేడ మీద అడిగినవాడు ఆయనే కదా. తొంభై అడుగుల మీద, తిరుగుతున్న తలతో, ఒక చేత్తో రెయిలింగు పట్టుకుని, రెండో చేత్తో భార్య పెట్టిన బొట్లు ఒక్కొక్కటే తుడిచి దిగాడాయన.

వదిన పళ్ళెం సర్దుకుంటుంటే నా పక్కకు వచ్చాడు. "గాలికి పడింది అని రాయి తమ్ముడూ" అన్నాడు మెల్లగా. డ్యూటీలో ఉండగా నన్ను తమ్ముడూ అనడం అదే మొదలు.

అలాగే రాశాను. బలమైన గాలి కారణంగా డ్రోన్ అదుపు తప్పింది, సిబ్బంది సాహసంతో దాన్ని కిందికి తెచ్చారు అని. ఆఫీసరు చదివి, ఆ మధ్యాహ్నమే రెండు కాగితాల మీద సంతకం పెట్టాడు. ఒకటి అన్నకు ప్రశంసా పత్రం. రెండోది, గాలి నెలల్లో డ్రోన్ వాడరాదు, మిగిలిన ఏడు ట్యాంకులూ పాత పద్ధతిలో నిచ్చెన ఎక్కి తనిఖీ చేయాలి అని. రెండూ టైపు చేసింది నేనే. రెండూ ఆయన ఒకేసారి అందుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు సాయంత్రం వదిన మా ఇంటికొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"దానికి గాలి లెక్కలేదంటివే తమ్ముడూ. ఆ మాటనే పట్టుకోని ఉంటిని. ఇప్పుడు గాలికే పడిందని రాసినావంట. రెంట్లో ఏది అబద్ధం?"

నేను కుర్చీ ముందుకు జరిపాను. ఆమె దాన్ని చూడకుండానే వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, ఏడు ట్యాంకులు అని ఒక్క మాట అంది. నాతో కాదు, చెప్పులతో అన్నట్టు.

మర్నాడు పొద్దున బస్సులో పుస్తకం తెరవలేదు. ఉన్నదున్నట్టు రాస్తే డ్రోన్ బతుకుతుంది, అన్న నేల మీద ఉంటాడు. కానీ ఉద్యోగి భార్య పెట్టిన కుంకుమ వల్ల అనే వాక్యం ఫైలుకెక్కుతుంది. ఆఫీసంతా నవ్వుకుంటుంది. అదీ పెద్ద సంగతి కాదు. మొగుణ్ని నిచ్చెన ఎక్కించింది తన చెయ్యేనని ఆమెకు తెలుస్తుంది. ఆయన ఎక్కుతుంటే ఆమె కూర్చున్న తీరు చూసినవాణ్ని నేను. ఆ మాట ఆమెకు చేరేలా రాయడం నావల్ల కాదు. రాయకపోతే ఏడు ట్యాంకులు. ఇంత సేపు ఆలోచించాల్సిన పని లేదు, నిజానికి. ఎగరేసే ముందు కళ్ళు తుడవాల్సింది ఎవరు? నేను. హెచ్చరిక తోసేసింది ఎవరు? నేను. చేతులు వదిలేసింది ఎవరు? అదీ నేనే. ఆఫీసు స్టాపు దాటి పోయి, తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాను.

రెండో రిపోర్టు రాసిచ్చాను. గాలి కారణం కాదు, ఎగరేసే ముందు పరికరం కళ్ళు తుడవకపోవడం కారణం, పూర్తి బాధ్యత నాది అని. ఆఫీసరు దాన్ని రెండుసార్లు చదివాడు. కళ్ళ మీద ఏముందని అడిగాడు. దుమ్ము సార్ అన్నాను. మరి మొన్న గాలి అని ఎందుకు రాశావు అన్నాడు. భయపడి రాశాను అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, మెమో ఇస్తానన్నాడు. ఇచ్చాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నాకు అదొక్కటే మచ్చ. అందులో నిర్లక్ష్యం అన్న మాట మూడుసార్లు ఉంది, లెక్కపెట్టాను.

మెమో తీసుకుంటూ ఒక్కటి అడిగాను. అదే ట్యాంకు, అదే గాలి, మీరే వచ్చి చూడండి అని. ఆయన చూస్తే తప్ప నమ్మడు కదా, వచ్చాడు. అన్న కూడా వచ్చాడు. ఇంట్లో ఏం చెప్పాడో గానీ వదిన రాలేదు. కొత్త రెక్కలు బిగించి, మెత్తటి గుడ్డతో ఆరు కళ్ళూ తుడిచాను. తుడిచి, ఒక్కొక్కటీ వెలుతురుకు పెట్టి చూశాను. గాలి ఆ రోజుకన్నా ఎక్కువే ఉంది. మాట్లాడితే మాట పక్కవాడికి అందడం లేదు. డ్రోన్‌ను తొట్టి కప్పు కిందికి పంపాను. ఉపగ్రహాలు నాలుగుకు, మూడుకు పడ్డాయి. మోడ్ మారలేదు. ఆఫీసరు చూస్తుండగా రెండు చేతులూ వదిలేశాను. అది ఒళ్ళు వంచి, గోడను చూసుకుంటూ, బీట ఎదురుగా కదలకుండా నిలబడింది. అన్న నా వెనక నిలబడి వీపు మీద అరచెయ్యి పెట్టాడు, తీసేశాడు.

ఆ వారంలోనే నిచ్చెన డ్యూటీ రద్దయింది. అన్నను వాల్వు రూములో వేశారు. నేల మీద పని, కుర్చీ ఉంది, ఫ్యానుంది. మిగిలిన ఏడు ట్యాంకులూ నేనే డ్రోన్‌తో చేశాను.

మెమో సంగతి మా వీధికి రావడానికి రెండు రోజులు పట్టలేదు. నెల్లితోపు మార్కెట్ దగ్గర బస్‌స్టాపులో వాళ్ళిద్దరూ ఎదురయ్యారు. అన్న చేతిలో కూరగాయల సంచీ. వదిన నన్ను చూసి ఆగింది.

"దుమ్మంట కదా" అంది.

నేను తల ఊపాను.

"పొద్దున్నే తలకు పోసుకోని, దేవుడికి మొక్కుకోని, నా చేత్తో దానికి బొట్టు పెట్టి ఇస్తిని. నువ్వు దుమ్ము కూడా తుడవకుండా ఎగరేస్తివి. నిచ్చెన మీద ఆయనకేమన్నా అయ్యుంటే?"

అన్న నోరు తెరిచాడు. ఆయన ముఖం ఎర్రబడింది. సంచీ ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుని, "అది కాదే" అన్నాడు. నేను ఆయనను మాట్లాడనివ్వలేదు.

"తప్పు నాదే వదినా" అన్నాను.

"నీదే" అంది ఆమె. బస్సు వస్తే ఎక్కి వెళ్ళిపోయారు.

వదిన నాతో మాట్లాడటం మానేసి రెండేళ్ళు కావస్తోంది. అన్న పోయిన నెల రిటైరయ్యాడు, మళ్ళీ ఒక్కసారి కూడా నిచ్చెన ఎక్కకుండా.